చిల్లు పడని చొక్కా

ఏం బావా, ఆ సీసం చేతులతోనే టీ గ్లాసు పట్టుకున్నావా? బ్యాటరీల షాపులో చేరి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే నా అంత ఘనుడివైపోయావే! కడుక్కుని రా. చొక్కా కూడా మార్చు. ఆ... ఇప్పుడు కూర్చో, చెబుతాను.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే మాకు ఆసిడ్ అంటేనే భయం. చుక్క పడితే చొక్కాకి చిల్లు. సీసం దుమ్ము చిల్లు పెట్టదు కదా! అందుకే చేతులు మాత్రం తోముకుని, అదే చొక్కాతో ఇంటికెళ్ళి మా తమ్ముడి కూతురు బుడంకాయని ఎత్తుకునేవాణ్ణి. పైగా దానికో సీసం ఏనుగు పోతపోసి ఇచ్చాను. రోజంతా తొండం చప్పరించేది.

మూడేళ్ళు దాటినా ముక్కముక్క మాటలే. నిన్న నేర్పింది ఇవాళ ఉండదు. "మొద్దు మొహమా" అని నేనే వెక్కిరించేవాణ్ణి. చివరికి డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది.

"సీసం ఎక్కువుంది. ఎదిగే మెదడుని దెబ్బతీస్తుంది. ఇంట్లోకి ఎలా వచ్చింది?"

మా మరదలు నా చొక్కా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

"బాగవుతుందా అమ్మా?" అన్నాను.

"ఇంట్లోకి రాకుండా ఆపితే రక్తంలో తగ్గుతుంది. చదువులో, మాటలో ఎంత అందుకుంటుందో ఇప్పుడే చెప్పలేను. బాగా మాట్లాడించండి, ఆడించండి."

ఆ రోజే ఏనుగు షాపు కొలిమికి పోయింది. స్నానం, బట్టలు మార్చడం షాపులోనే. ఇల్లు తడిగుడ్డతో తుడవడం నా వంతు. "బావగారూ, మంచం కింద మిగిలింది" అని మరదలు మహారాణిలా వేలు చూపించేది. ఇక పిల్లతో కబుర్లంటావా, నా నోటికి చెప్పాలా!

ఏడాది గడిచాక మొన్న మళ్ళీ వెళ్ళాం. సీసం సగానికి పైగా తగ్గింది.

"మరి తెలివి?" అని అడిగాను.

"ఇంకా చూడాలి" అంది డాక్టరమ్మ.

లేచి వద్దామంటే గుమ్మం దగ్గర విడిచిన నా చెప్పొకటి లేదు!

"పెదనాన్నా, బీరువా వెనక చూడు" అంది బుడంకాయ. చూశాను. "బల్ల కింద చూడు." పాక్కుంటూ దూరాను. నర్సు కూడా వంగి వెతికింది. పిల్ల మాత్రం కుర్చీలో కదలకుండా, పాపం, దిగులు మొహంతో కూర్చుంది.

డాక్టరమ్మ దాన్ని ఎత్తింది. కింద చెప్పు!

"ఇదిగో, మీరడిగినదానికి జవాబు" అని పడీపడీ నవ్వింది.

ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి బావా, ఇంటిదాకా ఒంటిచెప్పుతో నవ్వుకుంటూ నడిచాను. రెండోది చంకలో పెట్టుకుని అది ఇస్తేగా!