వంతెన మీద తేనె పరీక్ష

నది మీద పొగమంచు ఇంకా వీడలేదు. వంతెన అవతలి కొస కనిపించక, ఆ పక్కన అసలు దేశమే లేనట్టుంది. పరీక్ష గదిలో అద్దాలావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రోజంతా చిన్న అద్దాల గొట్టంలోంచి వెలుగుకేసి చూస్తూ సరుకులో తేమ కొలుస్తుందని ఇటువైపు లారీ డ్రైవర్లు పెట్టిన పేరది.

ఆమె పుట్టిల్లు అవతలి ఒడ్డునే. పెళ్లయి ఇటొచ్చినప్పుడు వంతెనకు గేట్లు లేవు. తర్వాత ఇటువైపు ఆరు దేశాలు కూటమి కట్టాయి. అవతలి దేశం చేరలేదు. దాంతో సరుకులూ ఆగాయి, రాకపోకలూ ఆగాయి. మూడేళ్లుగా అన్నావదినల మొహం చూడలేదు. ఇప్పుడు కొత్త ఒప్పందం కుదిరింది. పరీక్షలో నెగ్గితే పొరుగువాళ్ల సరుకు రానిస్తారు. బండివాళ్లకు మాత్రం ఈ గది దాకానే అనుమతి.

మంచులోంచి మొదటి బండి వచ్చింది. తేనె డబ్బా పట్టుకుని దిగింది వదినే!

"చిక్కిపోయావేమే? మీ ఆయన నీకు తిండి పెట్టట్లేదా?"

"నీ నోటికి మాత్రం ఏ గేటూ అడ్డం రాలేదు వదినా," అంటూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

గాజు మీద ఒక చుక్క వేసి గొట్టం కంటికి ఆనించింది. లోపలంతా బంగారు వెలుగు. అందులో పెరడు, వరసగా తేనెపెట్టెలు, ఈగలకు పొగ పెడుతున్న అన్నయ్య. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలీదు. తర్వాత కొలత గీత కనిపించింది. తేమ ఇరవై శాతం దాటకూడదు. ఇరవై రెండు ఉంది.

తుడిచి మళ్లీ చూసింది. మూడుసార్లూ అంతే. గదిలో ఇంకెవరూ లేరు. సంతకం తనదే.

"తేమ ఎక్కువుంది వదినా. పంపలేను."

వదిన మొహం మాడిపోయింది. "నువ్వూ ఈ ఒడ్డు మనిషివైపోయావన్నమాట."

ఆ మాట చురుక్కుమంది. గొట్టం వదిన చేతికిచ్చింది. వదిన ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇది ఊళ్లోకెళ్లి పులిస్తే మన ఒడ్డు తేనె మొత్తం ఆపేస్తారు. ఈగలు మైనం మూతలు వేయకముందే, తేనె పచ్చిగా ఉండగానే పిండేశారు కదూ?" అని అడిగింది ఆమె.

"మొదటి బండి మనదే కావాలని మీ అన్నయ్య ఒకటే తొందర," అంది వదిన నెమ్మదిగా.

బండి వెనక్కి తిప్పే వంతు వచ్చేదాకా ఇద్దరూ బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ వదిన ఆమె భుజం మీదే నిద్రపోయింది. కిటికీలోంచి మంచు గదిలోకి వస్తున్నట్టే ఉంది. ఆమె కదల్లేదు.

పదహారు రోజుల తర్వాత బండి అన్నయ్యే తోలుకొచ్చాడు. ఈసారి తేమ పద్దెనిమిదే! ఆమె ముద్ర వేసి అనుమతి కాగితం చేతికిచ్చింది.

"మరి నువ్వెప్పుడొస్తావే ఇంటికి?"

"మనుషుల రాకపోకల సంగతి వచ్చే ఏడు మాట్లాడతారటన్నయ్యా."

అన్నయ్య తల ఊపాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, ఆమె తల నిమిరి బండెక్కాడు.