గీతల పక్కన ఖాళీ

గోదాములో నా బల్ల బెల్టు చివర ఉంటుంది. స్కానర్ చదవగలిగిన పెట్టెలు నేరుగా లారీల్లోకి పోతాయి. చదవలేనివి పక్కకు జరిగి నా ముందు ఆగుతాయి. చినిగినవీ, తడిసినవీ, ముడతలు పడ్డవీ. వాటికి కొత్త లేబుల్ అంటించి మళ్ళీ బెల్టు మీద పెట్టడం నా పని. బడికి పోని నేను కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదీ ఈ లేబుళ్ళ మీదే. లేబుల్ మీది బార్‌కోడ్ గీతలు మాత్రం నాకూ చదవరావు.

ఎదుటి స్టూలు మొన్నటిదాకా చెల్లిది. మరిది ఉద్యోగం మారి, వాళ్ళ కాపురం వేరే ఊరికి తరలిపోయింది. అక్కడ చెల్లి సబ్బుల కంపెనీలో పెట్టెలకు లేబుళ్ళు అంటించే పనిలో చేరింది. ఆ పెట్టెలు మా బెల్టు మీదుగానే పోతాయి. దాని చెయ్యి తగిలినవి నా కళ్ళ ముందే వెళ్ళిపోతున్నా, ఏది దానిదో తెలిసేది కాదు.

ఓసారి చెల్లి ఫోన్లో ఈ గీతల సంగతి అడిగితే తెలిసినంత చెప్పాను. సబ్బు కాగితం మీద పదమూడు అంకెలతో ఉండే సన్న గీతలు దుకాణంలో బిల్లు కోసం. పెట్టె మీదవి లావు గీతలు, చుట్టూ నల్ల చట్రం. అట్ట గరుకు కదా, సన్నవైతే అలుక్కుపోతాయి. లైబ్రరీ పుస్తకానికీ, రక్తం సంచికీ ఇంకో రకం. ఏ రకమైనా రెండు పక్కలా కాస్త ఖాళీ వదలాలి. అక్కడేదైనా గీస్తే మొదలెక్కడో తెలియక స్కానర్ గుడ్లప్పగిస్తుందని చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

కొన్నాళ్ళకు ఒక సబ్బుల పెట్టె నా ముందు ఆగింది. చినగలేదు, తడవలేదు. గీతల పక్క ఖాళీలో పెన్నుతో గీసిన పిట్ట. తోక లేబుల్ పొడవునా కిందికి దిగింది. కాళ్ళు లేవు. చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో చెల్లి గీసే పిట్టే అది. కాళ్ళేవే అంటే, ఎక్కడా వాలదుగా అనేది.

ఆ లేబుల్ మెల్లగా ఊడదీసి సంచిలో దాచుకున్నాను. తర్వాత దాదాపు రోజూ ఒకటి వచ్చేది. వస్తే ప్రాణం లేచొచ్చేది. రాకపోతే జ్వరమేమో, ఇంట్లో గొడవేమో అని మనసు పీకేది.

ఒకనాడు సూపర్‌వైజర్ వచ్చి, సబ్బుల పెట్టెలు ఊరికే ఆగిపోతున్నాయనీ, వాటికి లేబుళ్ళు అంటించేవాళ్ళెవరో తేల్చి పనిలోంచి తీసేయమని ఆ కంపెనీకి చెబుతాననీ అన్నాడు. ఈసారి ఆగితే లేబుల్ ఊడదీయకుండా తనకు చూపించమన్నాడు. తలూపాను.

ఇంటికెళ్ళగానే ఫోన్ చేశాను.

"ఏమే, ఇక పిట్టలొద్దు. నీ పని ఊడేట్టుంది."

"నీ దగ్గర ఆగేవి అవేగా అక్కా."

"నా పిచ్చికి నీ కూడు పోతుందే. ఆ ఖాళీని ఖాళీగానే ఉండనీ."



"సరేలే, చక్కగానే అంటిస్తా. ఆగకుండా పోయినవన్నీ నావే అనుకో."

మర్నాడు స్టూలు బెల్టు దగ్గరికి జరుపుకున్నాను. స్కానర్ కుయ్యిమంటోంది, పెట్టె కదిలిపోతోంది. లావు గీతలు, నల్ల చట్రం, పక్కన తెల్లటి ఖాళీ. సబ్బు వాసన తగిలినప్పుడల్లా ఆ ఖాళీ మీద వేలు ఆనించి వదిలేస్తున్నాను.

సూపర్‌వైజర్ అటుగా వెళ్తూ ఏమైనా ఆగాయా అని అడిగాడు.

"లేదు బాబూ," అన్నాను, "అన్నీ వెళ్ళిపోతున్నాయి."