దండ వేసిన మూడు పాదాలు

ఏరు దాటించే పంటు రేవులో నల్లబల్ల నిలబడి ఉంది. అది ఉండవలసింది లైబ్రరీ అరుగు మీద, కానీ ఇక్కడ మోకాలి లోతు నీళ్ళలో ఉంది, దాని ముందు అవతారం మాస్టారు పంచె పైకి దోపుకుని, సుద్దముక్క పట్టుకుని, నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఆయన పోయి ఏడాదైందని నాకు తెలుసు, అయినా నాకు ఆశ్చర్యంగా లేదు, ఆలస్యంగా వచ్చానని భయంగా ఉంది.

"ఎంతైందే వేణీ?" అంటారు తల తిప్పకుండానే.

"సాయంత్రం ఏడైందండి. తొమ్మిదికి అందరూ వచ్చేస్తారండి. శేషారత్నం గారికి ఇవాళ డెబ్భై అయిదండి."

"వస్తానందా?"

"వస్తానన్నారండి. పాడనన్నారు. బల్ల మీద ఏం రాస్తారో చూసి, దాన్నిబట్టి ఇక ఈ ఊళ్ళో నోరు విప్పాలో వద్దో తేల్చుకుంటానన్నారండి."

మాస్టారు సుద్దముక్కతో బల్ల చూపిస్తారు. బల్ల మీద నా చేతిరాతే ఉంది, పోయిన ఏడాది రాసింది రాసినట్టే, పైన ఆరిపోయిన బంతిపూల దండ వేలాడుతూ ఉంది.

రత్నమమ్మ పాట రాగాన మొదలైతె
రాజమండ్రి బస్సు రయ్యిమనియె,
పడవ కూడ పోయె పల్లవి రాకుండ,

అంతే. కింద ఒక పాదం పట్టేంత ఖాళీ ఉంది, ఆ ఖాళీ దాకా నీళ్ళు వచ్చి ఉన్నాయి.

మా లంక ఊళ్ళో పాడేవాళ్ళ పుట్టినరోజన్నా, పాటలు కట్టేవాళ్ళ పుట్టినరోజన్నా మాస్టారి పద్యమే. పొద్దున మూడు పాదాలు బల్లకెక్కుతాయి, సాయంత్రం ఆ మనిషి వచ్చి అరుగు మీద పాడాక అందరి ముందూ నాలుగోది పడుతుంది. మూడు పాదాలు గిల్లాలి, నాలుగోది నిమరాలి, అది ఆయన పెట్టిన నియమం. కీర్తనలు కట్టే తాతబ్బాయి గారు దేవుడి పేరు ఒకసారీ తన పేరు మూడుసార్లూ వేస్తారని పొద్దున గిల్లి, ఇన్నేళ్ళ పరిచయం కదా దేవుడేమీ అనుకోడులే అని సాయంత్రం నిమిరారు, ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. మాస్టారి చెయ్యి వణికేది, అందుకని నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని.

పోయిన ఏడాది ఇదే రోజున నేను మూడు పాదాలు రాసి చేతులు కడుక్కునేలోపు ఆయన అరుగు మీద ఒరిగిపోయారు. సాయంత్రానికి ఆస్పత్రిలో పోయారు. మర్నాడు ఊళ్ళోవాళ్ళు బల్ల చూశారు, పోయినాయన ఆఖరి మాట, చెరిపితే పాపం అన్నారు, దండ వేశారు, అగరొత్తులు గుచ్చారు. పెద్దకర్మ దాకా శేషారత్నం గారు పాలకేంద్రానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, తనను గిల్లిన ఆ మూడు పాదాలకు జరిగే పూజ చూస్తూ నడిచారు. ఆ తరవాత ఆవిడ ఎక్కడా పాడలేదు, తెల్లవారుజామున పెరట్లో వినబడే కూనిరాగం కూడా ఆగిపోయింది.

ఇప్పుడు రేవు లైబ్రరీ అయింది, లేదా లైబ్రరీయే రేవులోకి జరిగింది, బెంచీలన్నీ నీళ్ళలో వరసగా ఉన్నాయి, వాటి మీద ఊరంతా కూర్చుని ఉంది, అందరికంటే ముందు శేషారత్నం గారు అటు తిరిగి కూర్చుని ఉన్నారు, నాకు ఆవిడ జడముడీ, భుజం మీద తంబురా ఒరిపిడికి వెలిసిపోయిన జాకెట్టూ మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏం మాస్టారూ," అంటారావిడ అటు తిరిగే. "యాభై ఏళ్ళు నా పక్కన కూచుని తాళం వేశారు. పోతూ పోతూ నా రాగం మీద ఓ రాయేసి పోయారు. ఊరోళ్ళు ఆ రాయికి బొట్టు కూడా పెట్టారండి."

"దండ నేనెయ్యమన్లేదు రత్నం."

"తీయించారా మరి?"

మాస్టారు జవాబు చెప్పబోతారు, నోట్లోంచి సుద్దపొడి రాలుతుంది. నీళ్ళు పెరుగుతున్నాయి, మూడో పాదంలోని పడవ అడుగు తడిసి చెదురుతోంది.

"నాలుగోది ఎక్కడ పెట్టావే?" అని ఆయన నా మీద విసుక్కుంటారు.

"నాకు ఇవ్వలేదండి."

"ఇచ్చాను. ఆస్పత్రిలో."

బెంచీల మధ్య ఇనప మంచం ఒకటి తేలుతూ వస్తుంది, దాని మీది తెల్ల దుప్పటి, ఆ దుప్పటి మీద కదిలే ఆయన చూపుడువేలు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

"దుప్పటి మీద రాస్తుంటే చెయ్యి పట్టేసుకున్నావు."

"వణుకుతోందనుకున్నానండి."

"వణుకుతూనే రాస్తున్నానే పిచ్చిదానా! నా చెయ్యి వణక్కుండా ఎప్పుడు రాసింది? అంత గట్టిగా పట్టుకుంటే ఒక్క అక్షరం పడింది, అక్కడే ఆగిపోయింది."

"ఏ అక్షరమండి?"

"ఒ."

"తరవాత?"

"తరవాత నాకేం తెలుసు. నేనెప్పుడైనా నాలుగోది ఇంటి దగ్గర కట్టుకొచ్చానా? పాడుతుంటే వినేవాళ్ళ మొహాలు చూసి కట్టేవాణ్ణి. వెనక్కి తిరిగి చూడు. నాకు తిరగడం కుదరదు."

నీళ్ళు రెండో పాదానికి అందుతున్నాయి, రాజమండ్రి చెరిగిపోతోంది. నేను వెనక్కి తిరుగుతాను. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది, కండక్టరు తలుపు బాది, "రాజమండ్రి, రాజమండ్రి, మళ్ళీ బస్సు లేదు!" అని అరుస్తున్నాడు, బస్సు ఖాళీగా కదిలిపోతుంది. పంటు కూత వేసి తాడు విప్పుకుని ఖాళీగా అవతలి ఒడ్డుకి పోతుంది. బెంచీల మీదివాళ్ళు ఆ రెండింటినీ చూశారు. చూసి, మళ్ళీ శేషారత్నం గారి వీపు వైపు తిరిగారు. ఆవిడ పాడటం కూడా లేదు. ఒక ముసలాయన జేబులోంచి టిక్కెట్టు తీసి, మడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

ఇది నేను చిన్నప్పుడు ప్రతి ఏడూ చూసిందే. పద్యం రాసి ఓ మూల కూర్చుని, ఎవరి బస్సు ఎప్పుడు పోయిందో లెక్కపెట్టేదాన్ని.

"చూశానండి," అంటాను.

"అయితే రాయి." ఆయన సుద్దముక్క ఉన్న చెయ్యి చాపుతారు, అది వణుకుతుంది, నేను అలవాటుగా ఆ చేతిని గట్టిగా పట్టుకుంటాను.

"వదులు."

"వదిలితే మునిగిపోతారండి."

"మునిగి ఏడాదైందే. వదులు, టైమవుతోంది."

నా వేళ్ళు రావు. అరుగు మీద గోడ గడియారం తొమ్మిది కొట్టడం మొదలుపెడుతుంది, ఒక్కో గంటకీ నీళ్ళు ఒక్కో అక్షరాన్ని తినేస్తున్నాయి, శేషారత్నం గారు లేవడానికి మోకాళ్ళ మీద చేతులు ఆనిస్తున్నారు. ఆవిడ లేస్తే ఇక ఎప్పుడూ పాడరు, అది ఈ బెంచీల మీద అందరికీ తెలుసు, అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఒక్కొక్క వేలూ విప్పుతాను. మాస్టారి చెయ్యి తేలికగా జారిపోతుంది, సుద్ద నా చేతిలో మిగులుతుంది. బల్ల అడుగున ఖాళీ మునిగిపోయింది, అందుకని వంగి నీళ్ళలోనే రాస్తాను, రాసింది కనిపించదు కాబట్టి గట్టిగా చదువుతాను. ఇంతమందిలో నేను గొంతెత్తి మాట్లాడటం ఇదే మొదటిసారి.

"ఒక్కరైన లేచి ఊరు పోరు."

ఎవరూ నవ్వరు. బల్ల వెనక ఎక్కడి నుంచో మాస్టారు, "యతి పడింది," అంటారు, బడిలో మార్కులు వేసేటప్పటి గొంతుతో. నేను ఆయన కోసం చూస్తాను, నీళ్ళ మీద బంతిపూల దండ ఒక్కటే తిరుగుతూ దూరమవుతోంది.

శేషారత్నం గారు మోకాళ్ళ మీది చేతులు తీస్తారు.

"ఇంత చిన్న మాట చెప్పడానికి ఏడాది పట్టిందా అమ్మాయ్?" అంటారు.

"క్షమించండమ్మా."

"నా రాగమే పొడుగనుకున్నాను," అని ఆవిడ గొంతు సవరించుకుంటారు, ఊరంతా ఒక్కసారి ముందుకు వంగుతుంది, ఆవిడ నోరు తెరుస్తారు.

పంటు కూత వినబడింది. కిటికీ తెల్లగా ఉంది, రేవులో మొదటి పంటు కదులుతోంది, బల్ల తుడవడానికి తడిపి పెట్టుకున్న గుడ్డ మంచం పక్కన బక్కెట్లో అలాగే ఉంది. నా ఎడమ చెయ్యి కుడి మణికట్టును బిగించి పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. చర్మం మీద ఒకదాని కింద ఒకటిగా నాలుగు ఎర్రటి గీతలు పడి ఉన్నాయి, చిటికెన వేలిది కొంచెం పొట్టిగా ఉంది.