పేరు తెగిన బిళ్ళ

నేను ఒక కత్తెరని. భీమవరంలో రొయ్యల షెడ్ల దగ్గర ఒక మందుల షాపు ఉంది. అక్కడ బల్ల పక్కన మేకుకి వేలాడుతుంటాను. ముందే చెప్పేస్తున్నాను, నాకు అనుమానం జాస్తి. ఎవరైనా నవ్వుతూ వస్తే ఎందుకు నవ్వుతున్నారా అని చూస్తాను, నవ్వకపోతే ఏం దాస్తున్నారా అని చూస్తాను.

పుట్టుకతో నేను ఇలా లేను. ఉత్తరాదిలో ఎక్కడో కొలిమిలో పుట్టి, రైలెక్కి వచ్చి, చాలాకాలం ఒక దర్జీ దగ్గర పనిచేశాను. గుడ్డ ఇచ్చిన ప్రతివాళ్ళూ అందులో ముక్క మిగుల్చుకుంటాడేమోనని ఆయన్నీ నన్నూ కలిపి గుచ్చి గుచ్చి చూసేవారు. ఆ చూపులు పడీ పడీ ఆ జబ్బు నాకే అంటుకుంది. చూపు మందగించి దర్జీ కొట్టు మూసేశాక, ఆయన మేనల్లుడు గున్నేశ్వరరావు నన్ను తెచ్చి తన మందుల షాపులో పెట్టుకున్నాడు. దర్జీ ఒంటి కొలత తీసుకోకుండా గుడ్డ ముట్టేవాడు కాదు. ఇక్కడ ఎవరి ఒంట్లో ఏముందో అడక్కుండానే నా చేత కోయిస్తారు.

నేను కోసేది బిళ్ళల షీట్లు. షీటుకి ఒక చివర మందు పేరు, గడువు తేదీ ఉంటాయి. గున్నేశ్వరరావు ఎప్పుడూ రెండో చివర నుంచి కోయిస్తాడు. పేరున్న ముక్క డబ్బాలో ఉండిపోతుంది, జనం చేతికి ఉత్త వెండిరేకు వెళుతుంది. అందుకే మా పేటలో మందులకి పేర్లుండవు, రంగులే. జ్వరానికి తెల్ల బిళ్ళ. నొప్పికి ఎర్ర బిళ్ళ.

డబ్బాలో మడత పెట్టిన కాగితం ఒకటి వస్తుంది. మా షాపులో దాన్ని చదివిన ప్రాణిని నేనొక్కదాన్నే. తెల్లది పారాసెటమాల్. మోతాదులో వేసుకుంటే పెద్దగా గొడవ పెట్టదు, మించితే కాలేయం మీద పడుతుంది. పైగా జలుబు బిళ్ళల్లో కూడా అదే దాక్కుని ఉంటుంది, తెలియక రెండూ వేసుకునేవాళ్ళు బోలెడుమంది. ఎర్రది డైక్లోఫెనాక్. నొప్పినీ వాపునీ పుట్టించే పదార్థాలు ఒంట్లో తయారవకుండా ఆపుతుంది. బాగానే ఉంది. కానీ కడుపు లోపలి పొరని కాపాడేవీ, కిడ్నీలకి నెత్తురు సరిగా అందేట్టు చూసేవీ కూడా ఆ పదార్థాలే. బీపీ ఉన్నవాళ్ళు, బీపీ మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదని అందులో చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది. అంత చిన్నగా రాశారంటేనే నాకు అనుమానం.

ఆ ఎర్ర బిళ్ళకి అలవాటు పడినావిడ మరిడమ్మ. రొయ్యలు ఒలిచే పని. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడితే మోకాళ్ళు ఊరుకుంటాయా? ఏడాదిపైగా రోజుకి రెండు, పని ఎక్కువైతే మూడు వేసుకుంది. ఒక్కోసారి కడుపులో టీ చుక్క తప్ప ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. పాదాలు ఉబ్బి అందులో పట్టడం లేదు.

"వేడి చేసేసిందండి గున్నేశ్వరరావుగారూ. ఒంటికి కూడా సరిగ్గా పోటం లేదండి."

రోజంతా ఐసులో ఉండే మనిషికి వేడెలా చేస్తుంది? నేనైతే అడిగేదాన్ని. మా ఊళ్ళో ఏ జబ్బైనా ముందు వేడే, ఆ తరవాతే మిగతా పేర్లు. గున్నేశ్వరరావు కూడా తలూపి, "బార్లీ గంజి తాగు మరిడమ్మా" అని, రోజూ ఇచ్చే ఎర్ర బిళ్ళలు కోయించి ఇచ్చాడు. ఆవిడ మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ అన్నీ తాగింది. కాళ్ళ వాపు మొహానికి ఎక్కింది.

ఆ రోజుల్లోనే ఒకటి కనిపెట్టాను. గున్నేశ్వరరావుకీ మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆయన మాత్రం ఎర్ర బిళ్ళ ముట్టడు. ఆయింట్‌మెంటు రాసుకుని, గుడ్డ కట్టుకుని, బల్ల వెనక కూర్చుంటాడు. ఆ బిళ్ళ సంగతి ఈయనకి తెలుసని నా అనుమానం అప్పటికి గట్టిపడింది.

చివరికి షెడ్డులో ఆడవాళ్ళు మరిడమ్మని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని తేలింది. ఎందువల్లో తెలియాలి. ఏం మందులు వాడావని డాక్టరు అడిగితే, ఆవిడ కొంగు ముడి విప్పి వెండిరేకు ముక్కలు చూపించింది. దేనిమీదా అక్షరం లేదు. అక్షరాలు తెగ్గొట్టింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే షాపుకొచ్చింది, గోడ పట్టుకుని. "ఆ బిళ్ళ పేరు రాయించుకు రమ్మన్నారండి."

"పేరుదేముంది? మామూలు నొప్పి బిళ్ళని చెప్పకపోయావా?"

"చెప్పానండి. పేరే కావాలంటన్నారండి."

ఆయన రోడ్డు వంక అటూ ఇటూ చూశాడు. చీటీ తీశాడు. కలం పక్కనే నేనున్నాను. ఆయన రాసింది ఇంత స్పష్టంగా కనబడింది: పారాసెటమాల్.

నా రెండు రెక్కలూ బిగుసుకుపోయాయి. ఆ చీటీ చూస్తే డాక్టరు వేరే కారణం వెతుక్కుంటాడు. ఈవిడ ఇంటికెళ్ళి ఆ ఎర్ర బిళ్ళే మింగుతుంది. ఉన్న కాస్త కిడ్నీ కూడా పోతుంది. అరవడానికి కత్తెరకి నోరేది!

చీటీ అందుకోబోతూ మరిడమ్మ ఆయన మోకాలి కట్టు చూసింది. "మీకూ నొప్పులేనా అండి? మరి ఆ ఎర్ర బిళ్ళ వేసుకోపోయారా? ఇట్టే తగ్గిపోద్దండి."

"నాకు పడదమ్మా. బీపీ ఉంది కదా..."

మాట సగంలో ఆగిపోయింది.

"నాకూ ఉందండి," అంది మరిడమ్మ మామూలుగా. "బీపీ బిళ్ళలు కూడా మీ దగ్గరే కదండీ కొంటన్నాను."

ఆయన చీటీ వెనక్కి లాక్కుని నలిపేసి, డబ్బాలోంచి పేరున్న ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది చూపించు. ఏడాదిగా రోజూ వాడానని చెప్పు. ఇంక ముట్టుకోకు." భయపడి ఇచ్చాడో, మనసు మారి ఇచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు నెలల తరవాత మరిడమ్మ వచ్చింది. మొహం తేటపడింది. చేతిలో ఒలిచి కడిగిన రొయ్యల గిన్నె.

"కిడ్నీలు పూర్తిగా పోకుండా ఆగినియ్యంటండి. మీరు పేరు ఇవ్వబట్టే తెలిసిందన్నారండి డాక్టరుగారు. మీరు చల్లగా ఉండాలి బాబూ."

గున్నేశ్వరరావు చేతులు ముందుకు రాలేదు. ఆవిడే గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆ మాటల్లో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని నా అంత అనుమానపు కత్తెర వెతికింది. వెంట్రుకవాసి కూడా దొరకలేదు. తల వంచుకుని ఆయనా దాన్నే వెతుకుతున్నట్టున్నాడు. దొరికి ఉంటే బతికిపోయేవాడు.