మొదటి పడి

"లాభం" అంది కనగం, మొదటి పడి బియ్యం అండాలో గుమ్మరిస్తూ. "రెండు... మూడు... నాలుగు..." కొలిచే పడి అంచు మీద నిలిచిన గింజల్ని అరచేత్తో చదును చేసి, మళ్ళీ మూటలో ముంచింది.

పట్టాభిరామన్ ఇంట్లో ఒకటి అనే లెక్క లేదు. మొదటి పడిని ఒకటి అంటే అది ఒంటరిగా నిలిచిపోతుందట. లాభం అంటే వెనక పది వస్తాయట. మురుంగపాక్కంలోని ఆ ఇంటి పెరట్లో వంట వండి, మేట్టుపాళయం కంపెనీల పనివాళ్ళకి మధ్యాహ్నం భోజనం పంపుతారు. ఏ కంపెనీకి ఎన్ని పడులో ఆయన పొద్దున్నే చీటీ రాసిస్తాడు. ఒక్క పడి చాలే చిన్న వర్క్‌షాపు ఎదుట కూడా ఒకటి వేయడు, లాభానికి గుర్తుగా ఇంగ్లీషు 'ఎల్' వేస్తాడు.

కనగం ఆయన చెల్లెలి కూతురు. బాహూరు పక్క పల్లెలో పన్నెండో తరగతి ముగించి ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన నెలలోనే రెండు కొత్త కంపెనీలు భోజనం అడిగాయి. "ఈ పిల్ల నోటి చలవ" అన్నాడు మామ. అంతే, పడి ఆమె చేతికి అతుక్కుపోయింది. నాలుగేళ్ళయింది. తల్లికి జ్వరమని ఊరికి పోయినా, మర్నాడు తొలి బస్సుకే తిరిగి వచ్చి బియ్యం కొలవాలి.

మామ కొడుకు శ్యామ్‌సుందర్ కోసం కొన్న కంప్యూటర్ ఒకటి నడవలో ఉంది. వాడు రెండు నెలలు ఆటలాడి వదిలేశాడు. అత్త జయమ్మాళ్ మామ చెవిలో ఎలా ఊదిందో గానీ, కనగం మధ్యాహ్నాలు టౌన్‌కి పోయి ఆర్నెల్లు సీ ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. శనివారం పొద్దున పరీక్ష. సొంతంగా రాసిన ప్రోగ్రాం నడిపి చూపించాలి. పాసైతే అక్కడే ల్యాబులో ఉద్యోగం ఇస్తానన్నాడు నేర్పే సారు. పరీక్ష తొమ్మిదికి మొదలు. ఇంట్లో బియ్యం కొలిచే వేళా అదే.

గురువారం సాయంత్రం మామని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"ఏంది ఇది?"

"మనింటి లెక్కే మామా. ఒక్కో కంపెనీకి ఎన్ని పడులని అడుగుతుంది. మీరు కొడితే మొత్తం చెప్తుంది."

"సరిగా చెప్తే పరీట్చకి పో. తప్పితే ఈ మాట, ఈ పేచ్చు మళ్ళీ ఎత్తగూడదు. సరేనా?"

"సరే మామా."

ధైర్యంగానే అంది. ఆ ప్రోగ్రాన్ని వందసార్లు నడిపింది మరి. కానీ వందసార్లూ కొట్టింది తనే. ఏం కొట్టాలో తనకి తెలుసు.

మామ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదట వచ్చింది చిన్న వర్క్‌షాపు. ఆయన చూపుడువేలు కాసేపు తడుముకుని, తృప్తిగా 'ఎల్' మీద దిగింది. తర్వాత ఎంటర్.

తెర మీద "ఎన్ని పడులు?" అని వచ్చింది. దాని కింద మళ్ళీ అదే. మళ్ళీ అదే. చూస్తుండగానే తెర నిండి, అదే ప్రశ్న కిందినుంచి పైకి పరుగు పెట్టింది. కనగం ఏ మీట నొక్కినా ఆగలేదు.

"ఆపవే దాన్ని! పేయో దెయ్యమో పట్టినట్టు అరస్తాందే!"

"ఏమైందండీ?" అని వంటింట్లోంచి అత్త.

"నువ్వు చదివిస్తివే, ఆ మిషనుకి లాభం అంటే ఏందో తెలీదంట!" మామ పొట్ట కదిలేలా నవ్వాడు.

"రేపటికి సరిచేస్తా మామా."

"బియ్యం ఎవురు కొలిచేది?"

"పూంగొడి ఉంది కదా. నేర్పిస్తా." పూంగొడి కూరలు తరగడానికి వచ్చే మనిషి.

"దాని నోట లాభం వస్తుందా? ఒకటిని ఒణ్ణు అంటాది. బియ్యం ఎవురు కొలిచేది?"

"అత్త..."

"భుజం నొప్పితో మీ అత్తకి చెయ్యి లేస్తాదా? బియ్యం ఎవురు కొలిచేది?"

కనగం కంప్యూటర్ స్విచ్చే ఆపేసింది.

శుక్రవారం మధ్యాహ్నం తప్పు దొరికింది. ప్రోగ్రాం అంకె కోసం చెయ్యి చాస్తుంది. అక్షరం తగిలితే తీసుకోదు. అవతల పారేయదు కూడా. ఆ అక్షరం గుమ్మంలోనే ఉండిపోతుంది. మళ్ళీ చెయ్యి చాస్తే మళ్ళీ అదే తగులుతుంది. లోపలికి రానివ్వదు, పొమ్మనదు, అడగడం మాత్రం మానదు.

తర్వాత రాసింది. అంకె అందిందో లేదో ముందు చూసుకో. అందకపోతే, గుమ్మంలో ఉన్నది 'ఎల్' అయితే ఒక పడి అనుకో. ఇంకేదైనా అయితే ఆ వరుస చివరిదాకా ఒక్కో అక్షరమే తీసి పారేసి, మళ్ళీ అడుగు. ఈసారి తనలా కాకుండా తెలియనివాళ్ళలా కొట్టి చూసింది. తన పేరు కొట్టింది, చుక్కలు కొట్టింది, కళ్ళు మూసుకుని అరచేత్తో కొట్టింది. ప్రతిసారీ ఒక్కసారే అడిగి, ఓపిగ్గా ఆగింది. 'ఎల్' కొడితే బుద్ధిగా లెక్కలో కలుపుకుంది.

సాయంత్రం మామ పేపరు చదువుతున్నాడు.

"ఒక్కసారి వచ్చి ఎల్ కొట్టి చూడండి మామా. ఇప్పుడు దానికి లాభం తెలుసు."

"చూస్తినే నిన్న."

"సరిచేసినా మామా."

"దానికి తెలిస్తే నాకేంది?" పేపరు దిగలేదు. "బియ్యం ఎవురు కొలిచేది?"

అత్త గుమ్మంలో నిలబడి కనగం మొహంలోకి చూసింది. ప్రోగ్రాం నడిచినా నడవకపోయినా మామ అడిగేది అదొక్కటేనని అప్పటికి కనగానికి తెలిసింది.

శనివారం పొద్దున కనగం తలస్నానం చేసి మూట విప్పింది. మామ చీటీ పట్టుకుని అండా పక్కన నిలబడ్డాడు. ఆమె పడి ముంచి, అంచు చదును చేసింది. పూంగొడి కత్తిపీట దగ్గర చెయ్యి ఆపింది. లాభం అనే మాట పడందే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

కనగం నిండు పడిని మామ రెండు చేతుల్లో పెట్టింది.

"ఏంది ఇది?" ఆయన ఒలకకుండా పట్టుకున్నాడు. "యాడికి? బియ్యం ఎవురు కొలిచేది?"

ఆమె నడవలోకి పోయి ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీని నోటుపుస్తకంలో పెట్టుకుంది.

"నిన్నే కనగం! బియ్యం ఎవురు కొలిచేది?"

నోటిదాకా వచ్చిన జవాబులన్నిటినీ ఒక్కొక్కటిగా మింగేసింది. గుమ్మానికి అడ్డంగా ఉన్న కూరల గంపని అత్త కాలితో పక్కకి జరిపింది. కనగం చెప్పుల్లో కాళ్ళు దూర్చి, బస్సు రోడ్డు వైపు నడిచింది.