చక్రవర్తి వెనక కొంగ

నేను ఒక కొంగబొమ్మను. గొడుగు పట్టుకుని సైకిలు తొక్కుతూ ఉంటాను. కొంగకు సైకిలెందుకో, గొడుగు ఎండకో వానకో నన్ను గీసినవాడికే తెలియదు. బందరులో ఒక ప్రెస్సు అరలో నా జింకు అచ్చు ఊరికే పడి ఉండేది. ఆడపిల్లల కాలేజీ వాళ్ళ వార్షిక సంచిక అక్కడ అచ్చవుతున్నప్పుడు ఫోటోల కోసం నున్నటి కాగితం తెప్పించారు. ఒక వైపు నాటకం ఆడిన పిల్లల గ్రూపు ఫోటో పడింది. రెండో వైపు ఏమీ లేదు. అంత మంచి కాగితం ఖాళీగా పోవడం మేనేజరుకు నచ్చలేదు.

"ఏదో ఒకటి కొట్టవయ్యా" అన్నాడు.

ఆ ఏదో ఒకటి నేనే. ఖాళీ చోటు కనపడితే మనుషులు ఉండలేరు. ఆ పుణ్యాన పుట్టాను.

నా వెనక ఉన్న పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు. ఒకే కాగితానికి అటూ ఇటూ పుట్టినవాళ్ళం, ఒకరి మొహం ఒకరం చూసుకునే దారి మాకు లేదు. సంచిక పాతబడింది, చిత్తుకాగితాల్లో కలిసింది, చివరకు నిడదవోలులో ఒక కిరాణా కొట్టు చేరింది. కొట్టతను మా కాగితాన్ని సగానికి చింపి పసుపు పొట్లం కట్టాడు. పిల్లలు లోపలికి, నేను బయటికి. ఆ పొట్లం కొన్నది పేరిందేవి.

పేరిందేవి బడి మొహం ఎరగదు. భర్త రైల్వేలో పాయింట్స్‌మన్. క్వార్టర్సులో కాపురం కుదురుకునేలోపే బదిలీ వచ్చేది. పొట్లాల కాగితాలూ, వెయిటింగు రూములో ప్యాసింజర్లు వదిలేసిన పాత వారపత్రికలూ ముందు వేసుకుని, బొమ్మను బట్టి కింది అక్షరాలను ఊహించుకుంటూ చదవడం నేర్చుకుంది. ఏనుగు బొమ్మ కింద ఉన్నది ఏనుగు కాదు, పళ్ళపొడి అని తెలిసిన రోజున పడీ పడీ నవ్వింది. తప్పులు దిద్దడానికి ప్రతి ఊళ్ళోనూ పక్కింటావిడ ఎవరో ఒకరు దొరికేవారు. గుణింతాలు నేర్పినావిడ సామర్లకోటలో ఉండిపోయింది, ఒత్తులు నేర్పినావిడ అనపర్తిలో ఉండిపోయింది. బండి కదిలేటప్పుడు పేరిందేవి కిటికీ వైపు చూసేది కాదు. ట్రంకు పెట్టె మీద చెయ్యి వేసి, తల వంచుకుని కూర్చునేది.

ఆ పెట్టె మూత లోపలే మా మకాం. అందరూ అక్కడ దేవుడి పటాలు అంటించుకుంటే ఈవిడ మమ్మల్ని అంటించుకుంది. గ్రామఫోను వింటున్న తాబేలు, కోటు వేసుకున్న గుమ్మడికాయ, తలనూనె ప్రకటనలో మెడ వరకే ఉన్న అమ్మాయి.

"పెట్టె తెరిస్తే లక్ష్మీదేవి కనపడాల గానీ, ఈ సంతేంటే?" అనేది అత్తగారు.

పేరిందేవి పసుపు డబ్బాలో పోసుకుని, నన్ను తుడిచి, గొడుగు వంపులూ ముక్కు మొనా తప్పకుండా నా ఆకారం చుట్టూతా కత్తిరించింది. వెనక ఎవరో ఆడపిల్లలు కనిపించారు. కొంగ ముందు వాళ్ళెంత? మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది. ఇంకొకరైతే అంచులకు రాసి ఊరుకునేవారు. ఆమె నా వీపంతా రాసింది. ఏదైనా ఊడిపోతుందంటే ఆమెకు భయం.

ఏళ్ళు గడిచాయి. భర్త పోయాడు. పేరిందేవి నిడదవోలుకే తిరిగొచ్చి అద్దె వాటాలో ఉంటోంది. పక్క వాటాలోకి సుభాషిణి అనే రిటైరైన నర్సు వచ్చింది. ఒక ఉదయం పేరిందేవి బట్టలు ఎండబెడదామని పెట్టె తెరిస్తే, సాయానికి వచ్చిన సుభాషిణి నన్ను చూసి కెవ్వుమంది.

"పిన్నిగారూ, ఈ కొంగ మా కాలేజీదండి!"

"కొంగ కాలేజీకెళ్ళడమేంటమ్మా?"

"మా మ్యాగజీన్లో బొమ్మండి. దీనెనకాల మా నాటకం ఫోటో ఉంటది. మా వత్సలక్క చక్రవర్తి, నేను చెలికత్తెని. మా ఇద్దరికీ కలిపి ఒకటే వాచీ. ఆ రోజు నా వంతని ఫోటోకి పెట్టేసుకున్నా. చెలికత్తెకి వాచీ ఏంటే అని మేడంగారు చెడామడా తిట్టారు." నవ్వు అక్కడితో ఆగిపోయింది. "ఉప్పెనలో మా ఇల్లూ, సెలవుకి ఇంటికెళ్ళిన అక్కా అంతా పోయారండి. హాస్టల్లో ఉన్నాను కాబట్టి నేను మిగిలా. ఒక్క ఫోటో కూడా లేదు. కాలేజీలో అడిగితే పాత సంచికలు చెదలు తినేశాయన్నారు. ఈమధ్య అక్క మొహం సరిగ్గా గుర్తు రావట్లేదండి."

ఆమె వేలు నా గొడుగు మీద ఆగింది. ఇమ్మని అడగలేదు.

"తర్వాత చూద్దాంలే అమ్మాయ్" అని పేరిందేవి మూత వేసేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సుభాషిణిని తప్పించుకు తిరిగింది. మాటిమాటికీ పెట్టె తెరిచి నన్ను తడిమేది. తడిపితే చిరిగిపోతానని ఒక భయం. అంతకు మించిన భయం ఇంకొకటుంది. ఇన్నేళ్ళూ దాచుకున్నది కొంగ ఆకారమే. తన కత్తెర ఆ పిల్ల తల ఎక్కడ తెగ్గొట్టిందో! నన్ను ఊడదీయకపోతే ఆ సంగతి తెలియనే తెలియదు.

ఒక మధ్యాహ్నం పత్రిక చదువుతూ చదువుతూ ఆగింది. గుణింతాలు నేర్పినావిడ మొహం గుర్తు తెచ్చుకోబోయింది. గొంతు వినిపించింది, బెత్తం లాంటి చూపుడువేలు కనిపించింది. మొహం రాలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, సుభాషిణిని కేకేసింది.

గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డ నా మీద పరిచారు. జిగురు మెత్తబడ్డాక నాకూ పెట్టె రేకుకూ మధ్య కుట్టుదారం దూర్చారు. చెరో కొసా పట్టుకున్నారు.

"వద్దండి పిన్నిగారూ, మీ కొంగ చిరిగిపోద్ది."

"దానికేంటి, సైకిలుంది, ఎక్కడికైనా పోద్ది. నువ్వు దారం లాగు."

నా ఒక కాలూ, వెనక చక్రమూ రేకుకే ఉండిపోయాయి. మిగతాది ఊడి వచ్చింది. నన్ను బోర్లా తిప్పారు. నా మెడ వెనక చీర కుచ్చిళ్ళు, రెక్కల వెనక ఎవరివో జడలు. గొడుగు వెనక మాత్రం నిండుగా ఒక మొహం. కిరీటం, బొగ్గుతో దిద్దిన మీసాలు, వాటన్నిటి మీదా పొట్లంలోని పసుపు.

"మా అక్కే!" అంది సుభాషిణి. "ఒక్క ఫోటో మిగిలితే దానికీ మీసాలేనా తల్లీ!" నవ్వుతూనే కొంగు కళ్ళకు అద్దుకుంది.

పేరిందేవి మాత్రం నవ్వలేదు. చక్రవర్తి భుజం మీద ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాటగానే కత్తెర గీత. మణికట్టుకు వాచీ.

"నిన్ను కత్తిరించి పారేశానమ్మా" అంది గొణుగుతూ.

సుభాషిణి ఆ చేతిని చూసింది.

"చెయ్యి వదల్లేదు కదండీ, పిన్నిగారూ."

ఇప్పుడు నేను సుభాషిణి అలమరలో రెండు అద్దపు పలకల మధ్య ఉన్నాను. చక్రవర్తి గది వైపు, నేను గోడ వైపు. సున్నం పెచ్చూ, అప్పుడప్పుడూ ఒక బల్లీ నాకు కాలక్షేపం. పేరిందేవి వచ్చినప్పుడల్లా "మా కొంగకి కాస్త గాలి తగలనీ" అంటూ అద్దం తిప్పుతుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ తనే జాగ్రత్తగా గోడ వైపు తిప్పేసి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూసి వెళ్తుంది. ఆమె పెట్టె మూతలో నా కాలూ చక్రమూ ఇంకా అలాగే ఉన్నాయట. ఆ ఖాళీలో మరే బొమ్మా అంటించలేదట.