కచ్చా కుట్టు

"గౌను మెడ ఇంకా పైకి లేపు. చెవుల దాకా రానీ" అన్నాడు హాస్కిన్ దొర.

కెజియా నోట్లో గుండుసూదులున్నాయి. తల మాత్రం ఊపింది. ఆమె ముందు స్టూలు మీద నిలబడ్డ మనిషి పేరు లీథీ. పాతికేళ్ళుంటాయి. మెడ నుంచి నడుం దాకా వీపంతా కొరడా వాతలే. కొన్ని మానాయి, కొన్ని ఇంకా రసి కారుతున్నాయి. పారిపోయి పట్టుబడితే పాత దొర కొట్టించిన దెబ్బలవి. వాటి మీద కొత్త నీలి గళ్ళ గౌను తొడిగి, రసి బయటికి అంటకుండా లోపల మెత్తని గుడ్డ వేసి, గుండీలు కంఠం దాకా బిగించి, రేపటి వేలానికి ఆమెను పెళ్ళికూతురిలా నిలబెట్టాలి. అదీ కెజియా పని.

అమెరికా దక్షిణాదిన రిచ్మండ్‌లో వాగు పక్క సందులో హాస్కిన్ దొర నడిపేది బానిసల కొట్టు. కింద ఇటుక గదుల్లో అమ్మకానికి తెచ్చిన మనుషులు. పైన మేడగదిలో వాళ్ళకు బట్టలు కుట్టే ఏడుగురు ఆడవాళ్ళు. ఆ ఏడుగురూ దొర బానిసలే. చిరుగు గుడ్డల్లో ఉన్న మనిషికి ధర పలకదు కదా! అందుకని వేలం ముందు అందరినీ తోమి కడుగుతారు. నిగనిగలాడాలని మొహాలకు పందికొవ్వు పూస్తారు. తల నెరిసినవాడి జుట్టుకు మసి రాసి వయసు పదేళ్ళు తగ్గిస్తారు. చెప్పడానికే రోతగా ఉంది. ఇదంతా చేయించే పెద్దమనిషి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, కళ్ళు మూసుకుని, అందరికంటే గట్టిగా పాడతాడు.

కెజియా ఆ గదిలో అందరికన్నా పనిమంతురాలు. ఆమె కుట్టు లోపలా బయటా ఒక్కలాగే ఉంటుంది. తొమ్మిదేళ్ళ కిందట దొర ఆమెకో కాగితం చూపించాడు. అది విడుదల కాగితం. "పదేళ్ళు బుద్ధిగా కుట్టు కెజియా, సంతకం పెట్టి నీ చేతిలో పెడతా" అన్నాడు. ఏటా క్రిస్మస్‌కి దాన్ని సొరుగులోంచి తీసి, చూపించి, మళ్ళీ సొరుగులోనే పెట్టేవాడు, కుక్కకు ఎముక చూపించినట్టు. కెజియా ఆ కాగితం కోసమే బతికింది. దాని కోసమే ఎవరితోనూ ఒక మాట ఎక్కువ మాట్లాడలేదు. ఇంక ఒక్క క్రిస్మస్, దానికీ మూడు నెలలే.

దొర మెట్లు దిగి వెళ్ళాక లీథీ వెనక్కి తిరిగింది.

"అక్కా, మెడ అంత పైకి వద్దు."

"గుచ్చుకుంటోందా?"

"అది కాదు. నా వీపు కప్పకు."

కెజియా నోట్లోంచి సూదులు తీసింది.

"నా కూతురికి రెండేళ్ళక్కా. వాగవతల మా అత్త దగ్గరుంది. రేపొచ్చే కరొలినా దొరలు నన్ను అంతదూరం కొనుక్కుపోతే ఈ జన్మలో దాని మొహం చూడను. పారిపోయే రకాన్ని ఎవడు కొంటాడు చెప్పు? ఈ వాతలు కనబడితే చాలు, వద్దు పొమ్మంటారు. నన్ను ఈ ఊళ్ళో ఉంచేవి ఇవే. నువ్వు వాటినే కప్పేస్తున్నావు."

ఆ గౌన్లు ఎంతోకొంత మనిషి పరువు కాపాడుతున్నాయని ఇన్నాళ్ళూ కెజియా తనకు తాను చెప్పుకుంది. తొమ్మిదేళ్ళలో ఎన్ని వీపులు కప్పింది! వాళ్ళలో ఎంతమంది ఇలా అడగాలనుకుని అడగలేక రైలెక్కారో! అయినా, "నావల్ల కాదమ్మా" అనే అంది. "నాకు మూడు నెలల్లో కాగితమొస్తుంది."

లీథీ ఆమెను తిట్టలేదు. స్టూలు దిగి, గౌను విప్పి ఇచ్చేసి వెళ్ళింది.

కొలతలు చూసే పక్కగదిలోంచి కెజియా మేడగదిలోకి రాగానే వైనీ నోరు విప్పింది. మంచి కండ పట్టిన మనిషి, మాట సూది కన్నా పదును. "ఏం మహారాణీ, మొహం అలా వేలాడేశావు? దొర కాగితం చింపేశాడా?"

కెజియా కోపం తెచ్చుకోలేదు. లీథీ అన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. చేతుల్లో సూదులు ఆగిపోయాయి.

"నిజమేగా" అంది ఫిబీ పెద్దమ్మ. ఆ గదిలో అందరికంటే పెద్దది, చూపు సగం పోయింది. "కొట్టేది వాళ్ళు. కప్పెట్టేది మనం. ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. తల్చుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యమేస్తోంది."

"అసహ్యమేస్తే ఏం చేస్తావు? కుట్టనంటావా? కిందికి తోస్తాడు, రేపు నిన్నే వేలం రాయి మీద నిలబెడతాడు" అంది వైనీ.

"కుట్టననడం దేనికే? కుడదాం. వెనక కుట్టు మాత్రం కచ్చాగా వేద్దాం" అంది పెద్దమ్మ.

అందరికీ అర్థమైంది. కొలత చూడ్డానికి ముందుగా వేసే పొడుగు టాకాలు. ముడి ఉండదు. దారం కొస పట్టుకుని లాగితే మెడ నుంచి నడుం దాకా బట్ట రెండుగా విచ్చుకుంటుంది.

"బాగానే ఉంది. దొర గుడ్డివాడా?" అంది వైనీ. "ఏ కుట్టు ఏ చేతిదో ఇట్టే పట్టేస్తాడు. మొన్న వేసవిలో పని తొందరగా తెమలాలని తలా ఒక ముక్క పంచాడుగా. చేతులు ఒకరు, నడుం ఒకరు, వెనక కుట్టు నేను. తోలు ఊడేది నాది!"

కెజియా గౌనును ఒళ్ళో బోర్లా పరిచి వేళ్ళతో కొలిచింది.

"మెడ నుంచి నడుం దాకా ఇరవై ఒక్క వేలు" అంది. "తలా మూడు వేళ్ళ మేర వేద్దాం. ఒకే దారం. సూది చేతులు మారుతుంది. ఏ గౌనైనా, ఏ చొక్కా అయినా ఏడుగురిదీ."

వైనీ ఆమె కళ్ళల్లోకి చూసింది. "మొదటి మూడు వేళ్ళూ నువ్వెయ్యి. నీ కాగితం నీకు దక్కి, మా వీపులు మాకు చిట్లడం కుదరదు. నువ్వేస్తేనే నేను సూది ముడతా."

కాగితం కెజియా కళ్ళ ముందు కదిలింది. నిజంగానే చాలాసేపు కదిలింది. తర్వాత సూదిలో దారం ఎక్కించి, మెడ దగ్గర మొదటి టాకా వేసి, పక్కకు అందించింది.

వాతలున్నవాళ్ళు పదకొండు మంది. పొద్దున్నే బట్టలు తొడగడానికి ఫిబీ పెద్దమ్మ కిందికి వెళ్ళి ఒక్కొక్కరి చెవిలో చెప్పింది. "చెవి కింద దారం కొస ఉంది. లాగుతావో మానతావో నీ ఇష్టం, నాయనా." ఒకాయన మాత్రం వద్దన్నాడు. ఆయన పెళ్ళాన్ని నాలుగేళ్ళ కిందటే కరొలినాకి అమ్మేశారు. తనను కూడా అటే కొంటారని ఆశ. ఆయన చొక్కాకు పక్కా కుట్టు వేసిచ్చారు.

వేలం రాయి చుట్టూ టోపీలు, చుట్ట పొగ. దొరలు పళ్ళు చూశారు, దండలు నొక్కారు, వేళ్ళు విరిచి చూశారు. రైలుకు టైమవుతోందని ఒకటే తొందర. హాస్కిన్ దొర లీథీ భుజం తట్టి, "మంచి ఇంటి పిల్ల, నోట్లో నాలుక లేదు" అని మొదలుపెట్టాడు.

లీథీ చెయ్యెత్తి చెవి కింద దారం లాగింది. గౌను విచ్చుకుంది. ఆమె మెల్లగా, అందరికీ కనబడేలా, చుట్టూ తిరిగింది.

మేడ కిటికీలోంచి ఏడుగురూ చూస్తున్నారు. ఒక దొర దగ్గరికొచ్చి, వాతలో వేలు పెట్టి నొక్కి చూసి, ఆ వేలు జేబురుమాలుకు తుడుచుకున్నాడు.

"ఇదేంటి హాస్కిన్? వాతల సరుకు అంటగడతావా మాకు?"

"మోసం! పచ్చి మోసం!"

హాస్కిన్ నోరు తెరిచేలోపే వరసలో ఇంకొకడు దారం లాగాడు. తర్వాత ఇంకొకామె. పది వీపులు. ఆ గుంపులో ఒక్కడంటే ఒక్కడు, ఈ మనుషుల్ని ఇలా ఎవరు కొట్టారని అడగలేదు. తమను ఎవరో మోసగించారన్నదే వాళ్ళ బాధంతా. ఉమ్మేయాలంటే ఉమ్ము కూడా దండగ అలాంటి మొహాల మీద. ఆ పది మందినీ ఎవరూ కొనలేదు. పక్కా చొక్కా వేసుకున్న ఆయన మాత్రం కరొలినా బండెక్కాడు.

మధ్యాహ్నానికి హాస్కిన్ ఒక చేత్తో లీథీ గౌను, ఇంకో చేత్తో విడుదల కాగితం పట్టుకుని మేడెక్కాడు. కలం సిరాలో ముంచి కెజియా ముందు పెట్టాడు.

"ఎవత్తె వేసింది ఈ కుట్టు? చేయి చూసి నువ్వు చెప్పగలవు. చెప్పు, ఇప్పుడే సంతకం పెడతా."

బట్టలో టాకాల రంధ్రాలు వరసగా ఉన్నాయి. ఏ మూడు వేళ్ళు ఎవరివో కెజియాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

"మెడ దగ్గర నాది, దొరా" అంది.

"దాని కింద నాది" అంది వైనీ.

"దాని కింద వంకర్లు పోయింది చూడు, అది నాది. ముసలిదాన్ని, కళ్ళు కనబడవు" అంది ఫిబీ పెద్దమ్మ. మిగతా నలుగురూ అడక్కుండానే తమ వంతు చెప్పేశారు.

దొర కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఏడుగురినీ చిల్లుల చెక్కతో కొట్టించాడు. చెక్కయితే మచ్చ పడదు, ధర తగ్గదు. "చేతుల మీద కొట్టకండ్రా, రేపు కుట్టాలి" అని పక్కనే నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. కానీ వాళ్ళు మళ్ళీ సూది ముట్టలేదు. కింద గదుల్లో, అమ్ముడుపోని వాళ్ళ మధ్య, సగం మొక్కజొన్న రొట్టెతో ఆ చలికాలమంతా గడిపారు. గెలిచారని నేననను. ఆ తర్వాత దొరలు ముందే అందరి బట్టలూ విప్పించి చూడడం మొదలుపెట్టారు. అయినా ఆ పది మంది ఆ ఊళ్ళోనే మిగిలారు. లీథీ అత్త వారానికోసారి పాపను ఎత్తుకొచ్చి, గోడవతల నుంచి దానిచేత అమ్మా అని పిలిపించేది.

ఏప్రిల్లో ఒక పొద్దున ఊరు పొగతో నిండింది. ఉత్తరాదితో యుద్ధంలో ఓడిన దక్షిణాది సర్కారు తన గిడ్డంగులకు తనే నిప్పు పెట్టుకుని పారిపోయింది. కాపలావాళ్ళూ పారిపోయారు. లోపలివాళ్ళు కూర్చునే బల్ల ఎత్తి తలుపును గుద్దుతున్నారు. బయట నుంచి గుర్రాల చప్పుడు, కేకలు. తాళం పగిలింది. గుమ్మంలో నీలి కోట్లు వేసుకున్న ఉత్తరాది సైనికులు, అందరూ నల్లవాళ్ళే.

లీథీ ఎవరి కోసమూ ఆగలేదు. వాగు వైపు పరుగెత్తింది.

పెరట్లో జనం ఏడుస్తూ నవ్వుతూ ఉండగా హాస్కిన్ దొర ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. కోటు లేదు, మొహాన మసి.

"అమ్మా కెజియా! ఇదిగోనమ్మా నీ కాగితం. సంతకం పెట్టేశా, చూడు. నేను నిన్ను బాగా చూసుకున్నానని వాళ్ళతో ఒక్క మాట చెప్పు తల్లీ."

అక్షరాలు కెజియాకు రావు. అంకెలు వచ్చు, కొలతల టేపు మీద నేర్చుకుంది. కింద తారీఖు చూసింది. 25 అని ఉంది. పక్కన 1864.

"ఇది పోయిన క్రిస్మస్ తారీఖు దొరా. ఆ రోజు నేను నీ కొట్లో కటిక నేల మీద పడున్నా."

"అప్పుడే మనసులో విడిపించేశానమ్మా! నీకు చెప్పలేదంతే!"

వైనీ తుపుక్కున ఉమ్మింది. కాజేయడానికి ఇంకేమీ మిగలక, ఆమె విడుదలను కూడా తన ధర్మంగా రాసుకోవాలని చూస్తున్నాడు వీడు!

"నన్ను నువ్వు విడిపించలేదు. ఇవాళ విడుదలయ్యా, వీళ్ళందరితో కలిసి. తారీఖు కావాలంటే ఇవాళ్టిది వేసి నీ దగ్గరే ఉంచుకో."

ఒక సైనికుడు గుర్రం దిగి వచ్చాడు. "ఎవరమ్మా ఈయన?"

"ఈ కొట్టు దొర. తాళాల గుత్తి వాడి నడుముకుంది, లాక్కో. ఈ సందులో ఇంకా మూడు కొట్లు తెరవలేదు."

పక్క కొట్టు తాళానికి ఆ చెవులేవీ పట్టలేదు. లోపల నుంచి ఎన్నో చేతులు తలుపు బాదుతున్నాయి. వైనీ బల్ల ఒక కొస ఎత్తింది, ఫిబీ పెద్దమ్మ కూడా చెయ్యి వేసింది, పెరట్లో ఉన్నవాళ్ళంతా వెనక చేరారు. కెజియా తలుపు సందులో నోరు పెట్టి గట్టిగా అరిచింది.

"పక్కకు జరగండి! వస్తున్నాం!"